"నాకేమీ కాలేదు" అంటే నమ్మకు

చిన్నీ,

మీ అమ్మ ఫోను చేసింది. వచ్చే వారం అక్కను తీసుకురావడానికి నువ్వే కారు నడుపుకుంటూ వెళ్తున్నావట, వచ్చేటప్పుడు అమ్మ, అమ్మమ్మ, అక్క అందరూ నీ కారులోనేనట. ఫోను పెట్టేసి, "దానికి క్లచ్ వదలడం నేర్పింది నేనే" అని మీ పెదనాన్న దగ్గర కాసేపు గొప్పలు పోయాను. ఆ తర్వాత రాత్రి రెండింటిదాకా నిద్ర పట్టలేదు. ఫోనులో చెబితే "సరే పెద్దమ్మా, సరే" అని నవ్వేస్తావు. అందుకని రాస్తున్నాను.

నిదానంగా నడుపు, నిద్ర వస్తే ఆపు, ఫోను ముట్టుకోకు. ఇవి నీకు తెలుసు. సీటు మీద తల ఆనించే దిండు పైఅంచు తల ఎత్తుకు రావాలి, మెడ దగ్గర ఆగకూడదు. స్టీరింగుకూ నీ ఛాతీకీ మధ్య కనీసం 25 సెంటీమీటర్లు వదులు. ఎయిర్‌బ్యాగ్ విచ్చుకునే వేగానికి మరీ దగ్గరగా ఉన్నవాళ్ల ముఖం, చేతులు కమిలిపోతాయి. అంతే. నేను చెప్పాలనుకున్నది కారు ఎక్కడైనా తగిలాక జరిగే సంగతి. ప్రయాణానికి ముందు ఈ మాటలేమిటని మీ అమ్మ కోప్పడుతుంది. కోప్పడనీ.

చిన్నప్పుడు నా నుదుటి మీద గీత తడుముతూ అడిగేదానివి, గుర్తుందా? "కారు గుద్దుకుంది" అని ఊరుకునేదాన్ని. పూర్తి కథ మీ అమ్మకు కూడా తెలియదు. ఆ రోజు కారు నడిపింది నేను.

20 ఏళ్లు దాటింది. కూడలి దాటుతూ ఎడమ పక్క నుంచి వస్తున్న కారును చూసుకోలేదు. వేగం కూడా పెద్దగా లేదు. ఎడమ తలుపు లోపలికి నొక్కుకుపోయింది. ఆ తలుపు పక్కనే మీ పెదనాన్న. నా నుదురు దేనికి తగిలిందో కూడా తెలియదు, చిట్లింది. నుదురు చిట్లితే గాయం చిన్నదైనా రక్తం ధార కడుతుంది. బట్టలన్నీ తడిసిపోయాయి. అందరి కళ్లూ నా మీదే. ఆయన దిగి, తలుపు చూసుకుని, ఎదుటి కారు మనిషితో మాట్లాడి, నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లారు. "మీకేమైనా తగిలిందా?" అని నర్సు ఆయన్ను అడిగింది. "నాకేమీ కాలేదు" అన్నారు. నేను ఊరుకున్నానా? "ఆయనకేం లేదమ్మా, ముందు నా సంగతి చూడు" అన్నాను.

మర్నాడు పగలంతా బాగానే ఉన్నారు. రాత్రి ఎడమ భుజం లాగుతోందన్నారు. నొప్పి బామ్ తీసుకుని రుద్దాను. అప్పుడే నా వేళ్లకు తెలియాల్సింది. ఎక్కడ నొక్కినా "అక్కడ కాదు" అంటున్నారు. చెయ్యి ఎత్తమంటే ఏ ఇబ్బందీ లేకుండా ఎత్తారు. వెల్లకిలా పడుకుంటే మాత్రం భుజం పీకేస్తోంది, దిండ్లు పెట్టి కూర్చోబెడితే కాస్త నెమ్మదిస్తోంది. నేను మళ్లీ మళ్లీ అదే బామ్, అదే భుజం. "ఇంత దానికి ఇంత గొడవా" అని విసుక్కున్నాను కూడా. రెండు గంటలప్పుడు లేచి, గుమ్మం పట్టుకుని అక్కడే నిలబడిపోయారు. ఒళ్లంతా చల్లటి చెమట. పెదవుల్లో రక్తం లేదు.

ఆపరేషన్ అయ్యాక సర్జన్ కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. ఎడమ పక్కటెముకల కింద గుప్పెడంత ప్లీహం, నిండా రక్తం ఉండే అవయవం. తలుపు దెబ్బకు లోపల చిట్లింది. కారిన రక్తాన్ని పైపొర ఒక రోజు ఆపింది, తర్వాత ఆ పొర కూడా తెగింది. పొట్టలోకి చేరిన రక్తం ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రంను రాపాడిస్తుంది. డయాఫ్రం నరమూ, భుజం నరాలూ మెడలో ఒకే తావు నుంచి బయలుదేరతాయి కాబట్టి మెదడు ఆ నొప్పిని భుజం ఖాతాలో వేస్తుంది. "నొక్కితే నొప్పి లేని భుజం నొప్పి అన్నమాట. అప్పుడే రావలసింది" అన్నారు ఆయన, మెల్లగా. కాస్త కోప్పడి ఉంటే నాకు తేలికగా ఉండేది.

మీ పెదనాన్నకు అప్పటి నుంచి ప్లీహం లేదు. అది లేనివాళ్లకు కొన్ని రకాల క్రిములు గంటల్లో ప్రాణం మీదికి తెస్తాయట. అందుకే టీకాల చీటీ, జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకుండా పరుగు. మా ఇంట్లో బామ్ సీసా ఎందుకు ఉండదో ఇప్పుడు తెలిసిందిగా? వాసన పడదని మీ అందరితో అబద్ధం చెప్పాను.

అందుకే, దెబ్బ తగిలిన మొదటి గంటలో ఎవరేమి చెప్పినా నమ్మకు, నువ్వు చెప్పుకునేది కూడా. కంగారులో ఒంట్లో పొంగే అడ్రినలిన్ నొప్పిని కప్పేస్తుంది. అది దిగాక అసలు లెక్క తేలుతుంది. ఆ రాత్రి అందరి పొట్టలూ చూడు. నవ్వకు. బెల్టు ఉన్న చోట అడ్డంగా కమిలిన చార కనిపిస్తే, నొప్పి లేకపోయినా డాక్టరుకు చూపించాల్సిందే. ఆ చార ఉన్నవాళ్లకు లోపల పేగులు దెబ్బతినే అవకాశం ఎక్కువ, ఆ నొప్పి మర్నాడు కూడా మొదలుకావచ్చు. పొట్ట గట్టిపడినా, నొప్పి పెరుగుతున్నా, లేస్తే కళ్లు తిరిగినా, దెబ్బ తగలని భుజం నొప్పి పెట్టినా వెంటనే బయలుదేరు. అలాగని బెల్టు మీద కోపం తెచ్చుకోకు. 1959లో వోల్వో ఇంజనీరు నిల్స్ బోలిన్ ఈ మూడు కొసల బెల్టు తయారుచేయకపోతే "పెదనాన్న ఎలా ఉండేవారు?" అని నువ్వు నన్ను అడిగేదానివని మీ పెదనాన్న ఎప్పుడూ అంటారు. కింది పట్టీ పొట్ట మీద కాకుండా నడుము ఎముకల మీద పడితే చాలు.

అమ్మమ్మ విషయంలో మాత్రం నీకు వేరే ఆలోచనే వద్దు. ఆమె రక్తం పలచబడే మాత్ర వేసుకుంటుంది. తలకు చిన్న దెబ్బ తగిలినా, బాగానే మాట్లాడుతున్నా, నేరుగా ఆసుపత్రికే. ఆ మాత్ర పేరు కాగితం మీద రాసి నీ దగ్గర పెట్టుకో, అడగకముందే డాక్టరు చేతికివ్వు. పెద్దవాళ్లకు పుర్రె లోపల రక్తం బొట్టు బొట్టుగా చేరి, వారాల తర్వాత కూడా బయటపడవచ్చు. నడక తూలడం, మాట తడబడటం, ఎడతెగని తలనొప్పి కనిపిస్తే వయసు వల్ల అనుకోవద్దని మీ అమ్మకు కూడా చెప్పు.

అక్కకు ఏడో నెల. బెల్టు కింది పట్టీ పొట్ట కిందుగా, తొడల మీదుగా రావాలి, పై పట్టీ రొమ్ముల మధ్య నుంచి. కారు కాస్త కుదుపుగా తగిలినా, ఒంటి మీద గీత పడకపోయినా, ఆగకండి. తల్లికి ఏమీ కాకుండానే లోపల మాయ (ప్లాసెంటా) గర్భసంచి గోడ నుంచి ఊడిపోవచ్చు. ఆసుపత్రిలో కనీసం 4 గంటలు బిడ్డ గుండె చప్పుడు చూస్తారు. "అన్ని గంటలా?" అని అక్క గునుస్తుంది. గునిసినా కూర్చోబెట్టు.

మెడ పట్టేయడం అందరికీ జరిగేదే. వెనక నుంచి గుద్దితే తల కొరడాలా ఊగి కండరాలు బెణుకుతాయి, మర్నాటికి గానీ నొప్పి తెలియదు. మెల్లగా కదిలిస్తూ ఉంటే చాలావరకు కొద్ది వారాల్లో తగ్గుతుంది. చేతుల్లోకి తిమ్మిరి దిగితే, పట్టు సడలితే, వెన్నుపూస మీద నొక్కగానే నొప్పి ఉంటే, తల అటూ ఇటూ తిప్పలేకపోతే అది వట్టి బెణుకు కాకపోవచ్చు. అలాంటి మనిషిని నువ్వు లేవదీయకు, కారుకు నిప్పంటుకుంటే తప్ప. అంబులెన్సు వాళ్లను రానీ. గుచ్చుకున్న గాజు ముక్కను పీకకు. రక్తం కారుతుంటే గుడ్డతో నొక్కి పట్టు, మాటిమాటికీ తీసి చూడకు. ఊపిరి ఆడకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, తొడ గాని తుంటి గాని వంకరగా ఉన్నా అంబులెన్సే.

ఇక నీ తల. స్పృహ తప్పలేదు కాబట్టి మెదడుకు దెబ్బ లేదనుకోకు. మళ్లీ మళ్లీ వాంతి, పెరిగే తలనొప్పి, అడిగిందే అడగడం, ఒక కంటిపాప పెద్దదవడం, ముక్కులోంచో చెవిలోంచో నీరు కారడం, లేపినా లేవని మగత, మూర్ఛ, వీటిలో ఒక్కటి కనిపించినా వెంటనే ఆసుపత్రికే. ఏవీ లేకపోయినా తలకు దెబ్బ తగిలిన రోజు స్టీరింగు పట్టుకోకు, ఒంటరిగా పడుకోకు. నీ గురించి అడిగే ధైర్యం కారులో ఇంకెవరికీ ఉండదు, నడిపేది నువ్వు కదా అని ఊరుకుంటారు. ఆ రాత్రి నన్ను కూడా ఎవరూ అడగలేదు.

మీ పెదనాన్న ఇది చదివి, "మెచ్చుకోవడం మరిచిపోయావు" అంటున్నారు. నీ గేరు మార్పు నాకంటే మెత్తగా ఉంటుంది. ఇది ఆయన మాట, నేను ఒప్పుకున్నాను.

చేరగానే ఫోను చెయ్యి. "అందరం బాగున్నాం" అంటే ఊరుకోను. అమ్మ ఎలా ఉంది, అమ్మమ్మ ఎలా ఉంది, అక్క ఎలా ఉంది, నువ్వెలా ఉన్నావు, నాలుగు వేర్వేరు జవాబులు కావాలి.

మీ పెద్దమ్మ