లోడ్ పెట్టి కొలిచావా?

అమ్మలూ,

ఉద్యోగం మానేసి, కుషాయిగూడలో గది అద్దెకు తీసుకుని సొంతంగా బోర్డులు చూస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ముందు నాతో ఒక్క మాట అనకూడదా? సరేలే, మొదటి పనే బక్ కన్వర్టర్, అంటే ఎక్కువ వోల్టేజీని తక్కువకు దింపే సర్క్యూట్, అని విన్నాక కోపం నిలవలేదు. అందులో స్విచ్ ఆన్, ఆఫ్ అయ్యే ఫ్రీక్వెన్సీ 500 కిలోహెర్ట్జ్ రావాల్సిన చోట 180 చూపిస్తోందట.

ఇన్‌పుట్ వోల్టేజీ, ఆ ఫ్రీక్వెన్సీని నిర్ణయించే టైమింగ్ రెసిస్టర్ చూసే ఉంటావు. మరి లోడ్, అంటే అవుట్‌పుట్ నుంచి కరెంటు లాగే భారం, ఎంత పెట్టి కొలిచావు?

చర్లపల్లిలో మాతో పనిచేసినాయన సరిగ్గా ఇక్కడే బోల్తా పడ్డాడు. లోడ్ లేకుండా కొలిచి, ఫ్రీక్వెన్సీ పడిపోయిందని, దాన్ని పెంచడానికి రెసిస్టర్ తగ్గించాడు. కదల్లేదు. ఇంకా తగ్గించాడు. లోడ్ తక్కువైతే పల్సులు మానేసి కరెంటు ఆదా చేసే చిప్ అది, డేటాషీట్‌లో పల్స్ స్కిప్పింగ్ అని రాసే ఉంది. ఫుల్ లోడ్ పెట్టగానే ఒక మెగాహెర్ట్జ్ దాటి పరిగెత్తింది. స్విచింగ్ నష్టాలు రెట్టింపయ్యాయి, పైగా మే నెల. స్విచ్‌గా పనిచేసే మాస్‌ఫెట్ టప్పున పోయింది. పాపం, ఆ పూట ఆయన టిఫిన్ డబ్బా మూత తీయలేదు.

అందుకే సగం లోడ్ మీద ఒకసారి, ఫుల్ లోడ్ మీద ఒకసారి కొలువు. అక్కడ 500 వస్తే బోర్డుకు జబ్బే లేదు. రాకపోతే ఆన్ టైమ్, అంటే ఒక్కో పల్సులో స్విచ్ ఆన్‌లో ఉండే సమయం, లెక్క వెయ్యి. 500 కిలోహెర్ట్జ్ దగ్గర 24 వోల్టుల నుంచి 3.3కి దింపితే సుమారు 275 నానోసెకన్లు. చిప్ అంత తక్కువసేపు ఆన్‌లో ఉండలేకపోతే పల్సులు ఎగ్గొడుతుంది. ఒక పల్సు లావు, ఒకటి సన్నం వస్తే అది వేరే సంగతి: కరెంట్ మోడ్‌లో (కాయిల్ కరెంటును చూసి స్విచ్ ఆపే పద్ధతిలో) డ్యూటీ, అంటే ఆన్‌లో ఉండే వాటా, 50 శాతం దాటినప్పుడు వచ్చేది, దాన్ని అదుపు చేసే స్లోప్ కాంపెన్సేషన్ చూసుకో. టైమింగ్ పిన్ మీద మాత్రం స్కోప్ (ఆసిలోస్కోప్) ప్రోబ్ పెట్టకు, ప్రోబ్ కెపాసిటెన్సే ఫ్రీక్వెన్సీని మార్చేస్తుంది. మాస్‌ఫెట్, కాయిల్ కలిసే స్విచ్ నోడ్ దగ్గర కొలువు.

ఇదంతా నీకు వచ్చేస్తుంది. నా భయం వేరే. ఆ 24 వోల్టులు ఐసొలేషన్ లేని, అంటే మెయిన్స్ కరెంటు నుంచి వేరుచేయని, సప్లై నుంచి వస్తుంటే స్కోప్ గ్రౌండ్ క్లిప్ తగిలించకు తల్లీ, ఆ క్లిప్ నేరుగా ఎర్త్‌కే కలిసి ఉంటుంది. ప్లగ్‌లో మూడో పిన్ పీకేసి కొలిచే తెలివితేటలు అసలే వద్దు, స్కోప్ బాడీకే 230 వోల్టులు ఎక్కొచ్చు. రాత్రిళ్లు ఒక్కదానివే కూర్చుంటావని కూడా విన్నాను.

మా అటక మీద ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంది, ఆదివారం వచ్చి పట్టుకెళ్లు. బరువెక్కువ, తమ్ముణ్ణి వెంట తెచ్చుకో. భోజనం ఇక్కడే.

మీ మామయ్య