క్లాస్‌మేట్ వ్యాసం చదివి "బాగుంది" అని కాకుండా ఏం రాయాలి?

క్లాసులో ఒకరి వ్యాసం ఒకరికిచ్చి అభిప్రాయం రాయమంటున్నారు, తప్పులు చెబితే ఫ్రెండ్ నొచ్చుకుంటుందేమోనని టెన్షన్‌గా ఉందని మీరు అడిగారు. నల్లగొండలో నేను డిగ్రీ చదివేటప్పుడు మా తెలుగు సార్ కూడా ఇదే పని చేయించేవారు.

ముందు పెన్ను పక్కన పెట్టి మొత్తం చదవండి. ఒత్తులు, దీర్ఘాలు చివరన చూసుకోవచ్చు. రేపు తీసేయబోయే పేరాలో అచ్చుతప్పులు దిద్దడం ఇద్దరికీ దండగ. రెండోసారి చదివేటప్పుడు ఎక్కడ ఆగారో, ఎక్కడ అర్థం కాలేదో అక్కడే పక్కన రాయండి.

మా క్లాసులో మర్రిగూడ వైపు నుంచి వచ్చే ఒకామె, తాగితే ఎముకలు, కీళ్లు బిగుసుకుపోయే ఫ్లోరైడ్ నీళ్ల మీద రాసింది. మొదటి పేజీ అంతా "ఫ్లోరైడ్ భూతం బతుకులను ఛిద్రం చేసింది" లాంటి మాటలే. అవి ఏ ఊరివాళ్లయినా రాయగలరు. చివరి పేజీలో మాత్రం ఒక వాక్యం ఉంది: ఎవరైనా పిలిస్తే వాళ్ల నానమ్మ మెడ తిప్పలేక, ఒళ్లంతా తిప్పి చూస్తుంది. దాని పక్కన "ఇక్కడ ఆగిపోయాను. నానమ్మను మొదటికి తేగలవా?" అని రాశాను. "ఫ్లోరైడ్ విపరీతంగా ఉంది" అన్నచోట "ఎంత వరకు ఉండొచ్చు?" అని అడిగాను. ఆమె వెతికి పట్టుకుంది: మన దేశ ప్రమాణాల ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీళ్లు దొరకని చోట 1.5 వరకు. నేనే తిరగరాసి ఇస్తే అది నా వ్యాసం అయ్యేది. పైగా ఆ ఊరి సంగతి ఆమెకు తెలిసినంత నాకు తెలియదు కదా.

మెచ్చుకోవడం కూడా వాక్యం చూపించి మెచ్చుకోండి. ఏది బాగుందో చెప్పకపోతే, తిరగరాసేటప్పుడు దాన్నే కొట్టేయొచ్చు. లోపాలు రెండు మూడు చాలు, అవి కూడా వ్యాసం గురించే, మనిషి గురించి కాదు. "నీకు రాయడం రాదు" అనే మాట ఎవరికీ పనికిరాదు. "ఈ పేరాలో ఎవరు మాట్లాడుతున్నారో తెలియలేదు" అంటే సరిచేసుకోవడానికి దారి దొరుకుతుంది.

నొచ్చుకుంటుందన్న భయం ఉంటే, చదవకముందే "నీకెక్కడ డౌటుగా ఉంది?" అని అడగండి. తను చూపించిన చోటు నుంచే మొదలుపెడితే, తప్పులు వెతకడానికే కూర్చున్నారని అనుకోదు.