ప్రచార విభాగంలో చేరిన మా అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

నువ్వు ఒక పార్టీ ప్రచార విభాగంలో రాతపనికి కుదిరావని మీ అమ్మ చెప్పగానే సంతోషించాను; నీ వాక్యానికి ఎంత పదునుందో తెలిసినవాణ్ణి కనుక ఆ రాత్రే భయమూ పట్టుకుంది. ఏ పార్టీ అని అడగలేదు, అడగను.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. ఎన్నికల కరపత్రం మీద ముద్రించినవారి, ప్రచురించినవారి పేర్లు, చిరునామాలు ఉండాలని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ సెక్షన్ చెబుతోంది. ఊరూ పేరూ లేని కాగితాన్ని, అది వాట్సాప్‌లో వచ్చినా సరే, పంచకు. అంకె కనబడితే ఏ సంవత్సరానిదో, దేనితో పోల్చారో చూడు.

నినాదమంతా మోసమేనని మాత్రం అనుకోకు. ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ నినాదమే, కానీ దాని వెనుక మన ఓడరేవు ఉంది, ఈ చోటు అనువైనదని 1965లో ఆంగ్లో-అమెరికన్ కన్సార్షియం ఇచ్చిన నివేదిక ఉంది. ఎందుకని అడిగితే 1966లో ఉద్యమించినవారి దగ్గర జవాబు ఉండేది.

2021లో మీ నాన్న దగ్గర లేకపోయింది. ఆ జనవరి 27న కేంద్ర మంత్రివర్గ ఆర్థిక వ్యవహారాల సంఘం ఉక్కు కర్మాగారంలో పెట్టుబడుల ఉపసంహరణకు సూత్రప్రాయంగా ఆమోదం తెలిపాక, మా వీధిలో జరిగిన సమావేశంలో, ప్రైవేటీకరణను మనలాగే వ్యతిరేకించే ఒక పెద్దాయన లేచి, ‘మరి అప్పులు ఎలా తీరతాయో కూడా మనం చెప్పాలి కదా’ అన్నారు. మీ నాన్న ‘ఎవరికి అమ్ముడుపోయారు?’ అన్నాడు. చప్పట్లు మోగాయి; ఆయన కూర్చుండిపోయారు, మళ్ళీ ఏ సమావేశానికీ రాలేదు. నిజానికి ఆ ప్రశ్నకు మంచి జవాబే ఉంది: కర్మాగారానికి సొంత ఇనుప ఖనిజపు గనులు లేవు, ముడిసరుకును బయట ధరకు కొనుక్కోవలసి వస్తోంది, నష్టాలకు అదొక ముఖ్య కారణం. అలా చెప్పి ఉంటే ‘గనులిస్తే సరిపోతుందా?’ అని ఇంకొకరు అడిగేవారు, మనం లెక్కలు తీయవలసి వచ్చేది. వాదించడమంటే ఆ శ్రమకు ఒప్పుకోవడమే. ప్రశ్నను వదిలి ప్రశ్నించిన మనిషి మీద పడ్డాడు కనుక, న్యాయమైన పక్షాన నిలబడి కూడా వాడు ఆ సాయంత్రం చేసింది ఉత్త ప్రచారం. (ఈ మాట వాడికి చదివి వినిపించినా నాకు అభ్యంతరం లేదు.)

ఎదుటి పార్టీ అబద్ధాన్ని నువ్వు ఇట్టే పట్టేస్తావు; నా బెంగంతా నీకు నచ్చిన మాటల గురించే. రాయగానే ఒళ్ళు పులకరించిన వాక్యాన్ని ఒక పూట పక్కన పెట్టి, ఇది తప్పని తేలాలంటే ఏం కనబడాలో ఆలోచించు; ఏం కనబడినా తప్పు కాదని తోస్తే, అది ఎంత అందంగా ఉన్నా కొట్టివేయి తల్లీ.

మొదటి కరపత్రం అచ్చుకు వెళ్ళేముందు గాజువాక వచ్చి నాకు చూపించు. వాక్యవాక్యానికీ ఎందుకని అడుగుతాను. విసుక్కో గానీ, ‘ఈ ముసలాయన ఎవరి మనిషి?’ అని మాత్రం అనకు. పెద్దమ్మ ఆ రోజు పనసపొట్టు కూర చేస్తానంటోంది.

మీ పెదనాన్న