అక్కా ఒక మాట: పాలు చాలట్లేదని చెప్పింది పాపా, పక్కవాళ్లా?

ప్రశ్న: అక్కా నమస్తే. మాది కూకట్‌పల్లి, నాకిది మొదటి కాన్పు, పాపకి 40 రోజులు. మొన్నటిదాకా బాగానే తాగేది, ఈ నాలుగు రోజుల నుంచి సాయంత్రం ఆరయితే చాలు తాగుతుంది, వదిలేస్తుంది, మళ్లీ ఏడుస్తుంది, రాత్రి పదింటిదాకా ఇదే వరస. ముందు రొమ్ములు రాయిలా బరువుగా ఉండేవి, ఇప్పుడు మెత్తబడిపోయాయి. మా అత్తయ్య "నీకు పాలు ఎండిపోయాయి, డబ్బా పాలు మొదలెట్టు" అంటున్నారు, మా అమ్మేమో ఫోన్లో వెల్లుల్లికారం తినమంటుంది. పంపుతో తీసి చూస్తే 30 ఎంఎల్ కూడా రాలేదు. నాకు నిజంగానే పాలు లేవా అక్కా?

జవాబు: చెల్లీ, ముందు ఇది చెప్పు, పాప రోజుకి ఎన్నిసార్లు ఉచ్చ పోస్తోంది? ఒక రోజంతా డైపర్ మానేసి పాత కాటన్ చీర ముక్కలు కట్టి లెక్కపెట్టు. ఆరు, అంతకంటే ఎక్కువ తడిపితే, ఉచ్చ నీళ్లలా ఉంటే, పాలు అందుతున్నట్టే. రెండోది తూకం. ఎలాగూ ఎల్లుండో ఆ మర్నాడో ఆరు వారాల టీకాలకి వెళ్తావు కదా, అక్కడే తూకం వేయించి పోయినసారి బరువు పక్కన పెట్టి చూడు, ఈ వయసులో రోజుకి సుమారు 20 నుంచి 30 గ్రాములు పెరగాలి. ఏడుపుని బట్టి మాత్రం పాలు కొలవకు, ఆరు వారాల దగ్గర పిల్లలు అసలే ఎక్కువ ఏడుస్తారు, కడుపు నిండినా ఏడుస్తారు.

సాయంత్రం నువ్వు చెప్పిన వరసని డాక్టర్లు క్లస్టర్ ఫీడింగ్ అంటారు. పిల్ల ఎదిగేటప్పుడు నీ ఒంటిని ఇంకా కావాలని అడిగే పద్ధతి అది, ఎంత లాగితే అంత తయారవుతుంది. రొమ్ము మెత్తబడటం కూడా ఎండిపోవడం కాదు, మొదట్లో ఒంటికి లెక్క తెలీక ఎక్కువ చేసింది, ఇప్పుడు పాపకి ఎంత కావాలో అంతకి కుదురుకుంది, అంతే. ఇక ఆ పంపు మాట, పాప నోరు పెట్టగానే పాలు చేపుకొస్తాయి, ప్లాస్టిక్ గరాటు పెడితే చేపుకొస్తాయా ఏమన్నానా! పంపులో వచ్చింది చూసి ఇదే నా పాలు అనుకోకు.

నేను ఇలాగే అనుకునే మోసపోయా. 2014లో మా పెద్దాడు పుట్టాడు, సిజేరియన్. మొదటి రాత్రే హాస్పిటల్లో నన్ను అడక్కుండా డబ్బా పాలు పట్టేశారు, ఏ హాస్పిటలో చెప్పన్లే. అప్పట్లో సెలవు మొత్తం 12 వారాలే, అందులో రెండు వారాలు కాన్పుకి ముందే అయిపోయాయి, అంటే వాడికి రెండున్నర నెలలు రాకముందే ఆఫీసు. సరిగ్గా ఆరో వారంలో నీ కథే. అర్ధరాత్రి రెండింటికి వంటింట్లో నిలబడి డబ్బా తెరుస్తుంటే దాని మీదే పెద్దక్షరాల్లో తల్లిపాలే బిడ్డకి మేలని రాసి ఉంది! 1992 చట్టం ప్రకారం వాళ్లు అది అచ్చెయ్యాల్సిందే. చదివి ఏడ్చి, అయినా కలిపి పట్టా. ఒక డబ్బా పూట అంటే ఒక పూట నా దగ్గర అడగలేదన్నమాట, ఒళ్లు ఆ పూట పాలు చెయ్యడం మానేసింది, నెల తిరిగేసరికి నిజంగానే ఎండిపోయాయి. అలాగని డబ్బా పాలు విషమేం కాదు, వాటితో పెరిగిన మా వాడు ఇప్పుడు నా చెప్పులేసుకుని తిరుగుతున్నాడు. డాక్టర్ తూకం చూసి పట్టమంటే పట్టు. అత్తగారు అన్నారని మాత్రం వద్దు.

2018లో మా పాప పుట్టినప్పుడు వార్డులో ఒక పెద్దావిడ ఆయా నా చెయ్యి పట్టుకుని చూపించింది. "మొన ఒక్కటే నోట్లో పెడితే నీకు పుండు, దానికి పస్తు" అంది. పిల్ల ఆవులించినట్టు నోరు పెద్దగా తెరిచేదాకా ఆగి, చుట్టూ ఉన్న నల్ల వలయం కూడా, అందులో కింది భాగం ఎక్కువగా, నోట్లోకి పోయేలా దగ్గరికి లాక్కోవాలి, గడ్డం రొమ్ముకి ఆనాలి. గుటకల చప్పుడు వినిపిస్తుంది. అప్పటిదాకా నేను వంగి పాలు పిల్ల దగ్గరికి తీసుకెళ్లేదాన్ని, పిల్లని పాల దగ్గరికి తేవాలని నాకెవరూ చెప్పలేదు! ఆ ఒక్క ముక్కతో పాప రెండున్నరేళ్లు తాగింది. మొదట్లో ఎంత పొంగేవంటే నీలోఫర్‌లో ధాత్రి అని తల్లిపాల బ్యాంకుంది కదా, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల కోసం అక్కడ కూడా ఇచ్చొచ్చా.

వెల్లుల్లికారం, మునగాకు, సోయకూర, మెంతులు అన్నీ తిను, బాలింతకి బలమే, కాకపోతే పాలు పెంచేది పాప నోరే. రాత్రి పూట పాలు మానొద్దు, పాలు చేసే హార్మోన్ రాత్రే ఎక్కువ. ఎండలు మండుతున్నాయని పాపకి నీళ్లు పట్టకు, ఆరు నెలల దాకా చుక్క కూడా అక్కర్లేదు, పాలల్లో దాదాపు 87 శాతం నీళ్లే. తేనె నాకించడం ఏడాది దాకా అసలొద్దు. పాప మత్తుగా పడుకుని తాగడానికి లేవకపోయినా, తడపడం తగ్గినా, నీకు చలిజ్వరం వచ్చి రొమ్ము ఎర్రగా గడ్డకట్టినా ఉత్తరాలు రాస్తూ కూర్చోక ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లు. అత్తయ్యగారిని టీకాకి నీతోపాటే తీసుకెళ్లు, తూకం ముల్లు ఆవిడే చూస్తారు.

ప్రశ్న: అక్కా, బాబుకి ఆరో నెల, వచ్చే నెల నుంచి ఆఫీసు, ఉప్పల్ నుంచి గచ్చిబౌలి. పాలు మాన్పించాల్సిందేనా? ఇంట్లో అమ్మ ఉంటుంది.

జవాబు: ఎందుకు మాన్పించడం? 2017 నుంచి 26 వారాల సెలవు వచ్చింది కానీ దాంతో నీ హక్కు అయిపోలేదు, బాబుకి 15 నెలలు వచ్చేదాకా రోజుకి రెండు పాల విరామాలు చట్టంలోనే ఉన్నాయి, 50 మంది, అంతకంటే ఎక్కువ ఉన్న ఆఫీసుకి క్రెష్, అంటే పసిపిల్లల్ని చూసుకునే చోటు, ఉండాలి. హెచ్ఆర్‌ని మెయిల్లో అడుగు, నోటితో అడిగితే నవ్వి ఊరుకుంటారు. ఆఫీసులో పిండిన పాలు ఐస్‌ప్యాక్ ఉన్న బ్యాగులో పెట్టుకుని మెట్రో ఎక్కెయ్. బయట 4 గంటలు ఉంటాయంటారు గానీ అది 25 డిగ్రీల లోపు మాట, మన ఏప్రిల్‌కి కాదు. ఫ్రిజ్‌లో 4 రోజులు ఉంటాయి, డోర్‌లో కాదు, లోపల వెనక్కి పెట్టు, కరెంటు పోయినప్పుడు ఊరికే తెరవొద్దని అమ్మకి చెప్పు. వేడి నీళ్ల గిన్నెలో పెట్టి గోరువెచ్చగా చెయ్యాలి, మైక్రోవేవ్ ఓవెన్‌లో వద్దు. బాటిల్ కంటే ఉగ్గుగిన్నెతో పడితే మేలు, అదెలాగో మీ అమ్మకి నువ్వు నేర్పక్కర్లేదులే.