ఈ క్యాన్సర్‌కు పూత మందు సరిపోతుందా?

ప్రశ్న: మా అమ్మగారికి 68 ఏళ్లు. జననాంగం దగ్గర దురదతో ఎర్రమచ్చ వస్తే తామరనుకుని చాలాకాలం మందులు వాడాం. బయాప్సీలో ఎక్స్‌ట్రామామరీ పేజెట్స్ వ్యాధి (ఒక అరుదైన చర్మ క్యాన్సర్) అని తేలింది. డాక్టరుగారు ఆపరేషన్ వద్దని ఇమిక్విమోడ్ క్రీమ్ రాశారు. దీంతో తగ్గుతుందా?
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: వ్యాధి చర్మం పైపొర దాటకపోతే తగ్గే అవకాశం బాగానే ఉంది. ఈ మందు ముఖ్యంగా రాసినచోట రోగనిరోధక శక్తిని రేపి, క్యాన్సర్ కణాలను దానిచేతనే చంపిస్తుంది. నెదర్లాండ్స్‌లో జరిగిన ఒక అధ్యయనంలో 5 శాతం క్రీమ్‌ను వారానికి 3 సార్లు చొప్పున 16 వారాలు వాడినప్పుడు సగానికి కాస్త ఎక్కువమందికి మచ్చ పూర్తిగా పోయింది. ఈ వ్యాధి కంటికి కనిపించే అంచును దాటి పాకుతుంది కనుక, కోసి తీసినా తిరగబెట్టడం తరచూ జరిగేదే. ఆ వయసులో అంత సున్నితమైన చోట పెద్ద కోత తప్పించాలనుకోవడం నా దృష్టిలో సబబే.

కొన్ని వారాలకు అక్కడ చర్మం ఎర్రబడి, ఒరుసుకుపోయి, మూత్రం తగిలితే భగ్గుమంటుంది. ఒళ్లునొప్పులు, జ్వరమూ రావచ్చు. అప్పుడు మీ అంతట మీరు మానేయకుండా డాక్టరుగారికి చెబితే కొన్నాళ్లు విరామమిస్తారు. లోపొరల్లోకి పాకలేదని బయాప్సీ నివేదికలో ఉందో లేదో, లోపల వేరే క్యాన్సర్ ఉందేమో చూసే మూత్రాశయం, పెద్దపేగు, గర్భాశయ ముఖద్వార పరీక్షలు అయ్యాయో లేదో తప్పక అడగండి. మచ్చ పోయాక మళ్లీ బయాప్సీ, ఆపై ఏళ్ల తరబడి పరీక్షలు అవసరం.