పార్శిల్ ఎక్కడ విప్పితే లెక్క అక్కడే: యూరప్‌లో ప్యాకింగ్ నిబంధనల మీద నా జవాబు

ప్రశ్న: "జర్మనీలో ఉంటూ ఆన్‌లైన్‌లో చేనేత, ఇత్తడి వస్తువులు అమ్ముతున్నాను. ఫ్రాన్స్, ఆస్ట్రియాలకూ పంపాలంటే ప్యాకేజింగ్ ఈపీఆర్ నంబరు అడుగుతున్నారు. నెలకు నాలుగైదు పార్శిళ్లు పంపేవాళ్లకు కూడా ఇది తప్పదా? ఏజెంటుకు అప్పజెప్పొచ్చా? పాత అట్టపెట్టెలే మళ్లీ వాడితే?"

తప్పదు. ఈపీఆర్ అంటే, సరుకునో ప్యాకింగునో బజారులోకి దింపినవాళ్లే దాని చెత్త ఖర్చు భరించాలనే నియమం. జర్మనీలో ఏడాదికి ఒక్క పార్శిల్ అమ్మినా తప్పదు, కనీస పరిమితి అంటూ లేదు. ఏజెంటు మాట మాత్రం ముందే తేల్చుకుందాం, ఎందుకంటే మా ఇంట్లో డబ్బు పోయింది అక్కడే.

మా పెద్దమ్మ కూతురు డార్ట్‌మండ్ దగ్గర ఉంటుంది. పెడన నుంచి కలంకారీ స్టోల్స్, టేబుల్ క్లాత్‌లు తెప్పించి ఒక పెద్ద మార్కెట్‌ప్లేస్‌లో అమ్ముతుంది. నేనూ ఇక్కడే ఇత్తడి కుందులు, గంటలు అమ్ముతాను కాబట్టి ఈ కాగితాల గొడవ వస్తే నాకే ఫోన్ చేస్తుంది. క్రిస్మస్ ఆర్డర్లు పుంజుకునే నవంబరు నెల. ఒక పొద్దున ఆమె లిస్టింగులన్నీ మాయం. "మీ ప్యాకేజింగ్ రిజిస్ట్రేషన్ నంబరు సరిపోలడం లేదు" అని ఒక ముక్క మెసేజ్. సపోర్టుకు రాస్తే అదే మెసేజ్ మళ్లీ వచ్చింది. ఫోన్‌లో ఏడుపు ఒక్కటే తక్కువ.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. అక్క ఒక పీడీఎఫ్ చూపించింది. రంగురంగుల ముద్ర, కింద సంతకం. యూరప్ మొత్తానికి ఒకే ప్యాకేజీ అని ఒక కన్సల్టెన్సీ వాళ్లు డబ్బు తీసుకుని ఇచ్చిన సర్టిఫికెట్ అది. నాకు అప్పుడే అనుమానం వచ్చింది. జర్మనీలో ఈ రిజిస్టరు పేరు లూసిడ్. ఓస్నాబ్రుక్‌లో ఉన్న కేంద్ర ప్యాకేజింగ్ రిజిస్టర్ సంస్థ దాన్ని నడుపుతుంది. అందులో ఎవరి పేరు ఉందో ఎవరైనా వెతికి చూడొచ్చు. లాప్‌టాప్ తెరిచి అక్క షాపు పేరు కొట్టాం. లేదు. అక్క పేరు కొట్టాం. లేదు. బావగారి పేరు కూడా కొట్టాం. అదీ లేదు.

"మరి ఈ నంబరు ఎవరిదిరా?" అంది అక్క.

ఎవరిదైతేనేం, ఆమెది కాదు. అసలు సంగతి ఏమిటంటే, 2019 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న జర్మన్ ప్యాకేజింగ్ చట్టం ప్రకారం లూసిడ్‌లో రిజిస్టర్ కావడం, ఎంత ప్యాకింగ్ వాడామో అక్కడ లెక్క చెప్పడం అమ్మేవాళ్లే స్వయంగా చేయాలి. మూడో మనిషి చేతికి ఇవ్వకూడదు. సలహా తీసుకోవచ్చు, పక్కన కూర్చోబెట్టుకోవచ్చు, కానీ అకౌంటు మనది, మాట మనది. పైగా ఆ రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం. ఉచితమైన పనికి, అదీ చట్టం ప్రకారం వాళ్లు చేయకూడని పనికి డబ్బు గుంజుతున్నారంటే నాకు ఒళ్లు మండిపోతుంది. మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో కూడా ఇలాంటి ప్రకటనలు తిరుగుతున్నాయి. దయచేసి ఫార్వర్డ్ చేయకండి.

ఆ రాత్రే అక్క తన పేరు మీద, తన వ్యాపార రిజిస్ట్రేషన్‌లో ఉన్నది ఉన్నట్టుగా, అక్షరం తేడా లేకుండా లూసిడ్‌లో చేరింది. నంబరు వచ్చింది. అయితే నంబరు ఒక్కటే చాలదు. ఇళ్ల నుంచి ప్యాకింగ్ చెత్తను సేకరించి రీసైకిల్ చేయించే డ్యూయల్ సిస్టమ్ అనే సంస్థల్లో ఒకదానితో ఒప్పందం చేసుకుని, ఆ ఏడాది ఎన్ని కిలోల అట్ట, ఎన్ని కిలోల ప్లాస్టిక్ జర్మన్ ఇళ్లకు పంపబోతున్నామో అంచనా చెప్పి డబ్బు కట్టాలి. అదే అంకెలను లూసిడ్‌లోనూ వేయాలి. రెండు చోట్లా ఒకే లెక్క ఉండాలి. ఏడాది చివర అసలు లెక్క చెప్పి సరిచేయాలి.

అంచనా కోసం వంటింటి కాటా తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టాం. అట్టపెట్టె తూచాం. లోపల చుట్టే టిష్యూ కాగితం తూచాం. టేపును పెట్టెకు ఎంత పడుతుందో అంత చింపి తూచాం. అడ్రసు స్టిక్కరూ లెక్కలోకి వస్తుంది. అప్పుడు గుర్తొచ్చింది, ప్రతి స్టోల్‌కీ పెడనలోనే ఒక పారదర్శకమైన ప్లాస్టిక్ కవరు తొడిగి పంపుతారు. "అది నేను వేసింది కాదు కదా, వాళ్లు వేసింది" అంది అక్క. అక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. బయటి దేశం నుంచి తెప్పించుకున్నప్పుడు, కొనేవాళ్ల ఇంటిదాకా వెళ్లే ఆ కవరుకు బాధ్యత దిగుమతి చేసుకున్నవాళ్లదే. పెడనలోని కార్ఖానాకు జర్మన్ చెత్త లారీతో ఏం సంబంధం?

అక్క వాళ్ల అత్తగారు బందరు నుంచి వచ్చి ఉన్నారు. టిష్యూ కాగితం మడతలు పెడుతూ ఇదంతా చూస్తున్నారు. "ఈ అట్టముక్కకు కూడా పన్ను కడతారా బాబూ?" అన్నారు. పన్ను కాదండీ, రేపు ఈ అట్టను ఇంటింటికీ తిరిగి ఏరి, వేరు చేసి, మళ్లీ కాగితంగా మార్చేవాళ్ల కూలి అన్నాను. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, "మరి మన ఊళ్లో పాత పేపర్ల వాడు ఎదురు మనకే డబ్బులిచ్చి తీసుకెళ్తాడుగా" అన్నారు. నిజమే, నా దగ్గర జవాబు లేకపోయింది. మన దగ్గర ఆ పని చేసేవాడి కష్టం ఎవరి లెక్కలోనూ లేదు. ఇక్కడ లెక్కలో పెట్టారు. అందుకే ఈ నియమం న్యాయమైనదేనని నా గట్టి నమ్మకం. 1991లో పర్యావరణ మంత్రి క్లాస్ టోఫర్ హయాంలో జర్మనీ మొదటి ప్యాకేజింగ్ ఉత్తర్వు తెచ్చినప్పుడు ఆలోచన ఇదే: పెట్టెను బజారులోకి దింపినవాడే దాని చివరి గతి చూడాలి. మన ఇంటి ముందు పసుపు సంచీలో ప్లాస్టిక్ వేసి పెడితే తీసుకెళ్లే ఏర్పాటు ఆ డబ్బుతోనే నడుస్తోంది.

అక్కలాంటి చిన్న వ్యాపారానికి ఈ ఖర్చు ఏడాదికి కొన్ని పదుల యూరోలే అయింది. కట్టకుండా దొరికితే జరిమానా 2,00,000 యూరోల దాకా ఉంటుంది, రిజిస్టరే కాకపోతే 1,00,000 దాకా. 2022 జులై 1 నుంచి మార్కెట్‌ప్లేస్‌లు, మన సరుకు నిల్వ చేసి పంపే గోదాములవాళ్లు కూడా ఈ నంబరు చూడకుండా మనతో పని చేయకూడదు. రిజిస్టరు అందరికీ కనిపిస్తుంది కాబట్టి పోటీ వ్యాపారులూ వెతుకుతారు, పేరు లేకపోతే లాయరు నోటీసు పంపుతారు. ఇక్కడ ఆ నోటీసులే ఒక వ్యాపారమైపోయాయి.

లిస్టింగులు తిరిగి వచ్చాయి. కానీ జర్మనీలో ఉన్నవి మాత్రమే. ఫ్రాన్స్ ఆర్డర్లు ఆగే ఉన్నాయి. ఇక మీ అసలు ప్రశ్నకు వస్తున్నాను.

పార్శిల్ ఏ దేశంలో విప్పుతారో ఆ దేశానికే లెక్క చెప్పాలి. లియోన్‌కు వెళ్లిన పెట్టెకు జర్మనీలో కట్టక్కర్లేదు, ఆ బరువును జర్మన్ లెక్కలోంచి తీసేయండి. ఫ్రాన్స్‌లో ప్యాకింగ్ రుసుము వసూలు చేసే సిటియో లాంటి సంస్థలో చేరితే ఎఫ్‌ఆర్‌తో మొదలయ్యే ఒక నంబరు ఇస్తారు. 2022 నుంచి మార్కెట్‌ప్లేస్‌లు దాన్ని అడుగుతున్నాయి, లేకపోతే కొన్ని మన తరఫున కట్టేసి మన అమ్మకం డబ్బులోంచి కోసుకుంటాయి. సొంత వెబ్‌సైటు ఉంటే ఆ నంబరును షరతుల పేజీలో చూపించాలి. అక్కడ ఏడాదికి 10,000 యూనిట్ల లోపు అమ్మేవాళ్లకు తూకాల బాధ లేకుండా ఒకే నిర్ణీత మొత్తం ఉంది, మంచి పద్ధతి. కానీ మీరు చేనేత అంటున్నారు కదా, జాగ్రత్త. ఫ్రాన్స్‌లో బట్టలకూ ఇంటి వస్త్రాలకూ వేరే ఈపీఆర్ ఉంది. పెట్టెకు ఒక నంబరు, లోపలి గుడ్డకు ఇంకో నంబరు. అక్క ఇది విని ఫోన్ పెట్టేసింది.

ఆస్ట్రియా ఇంకా కష్టం. 2023 జనవరి 1 నుంచి, అక్కడ వ్యాపారం లేనివాళ్లు ఆస్ట్రియాలో ఉండే ఒక అధీకృత ప్రతినిధిని పెట్టుకోవాల్సిందే. జర్మనీలో మూడో మనిషి వద్దంటారు, సరిహద్దు దాటగానే మూడో మనిషి లేకపోతే కుదరదంటారు! ఆ ప్రతినిధికి ఇచ్చే అధికార పత్రం నోటరీ దగ్గర ధ్రువీకరించాలి. నోటరీ ఫీజు, ప్రతినిధి ఫీజు కలిపితే వియన్నాకు పంపే నాలుగు కుందుల మీద వచ్చే లాభం ఎటు పోయిందో తెలియదు. అందుకే ఆస్ట్రియాకు పంపడం నేను మానేశాను. స్పెయిన్ కూడా 2022 డిసెంబరు నాటి రాయల్ డిక్రీతో బయటివాళ్లను ప్రతినిధి పెట్టుకోమంటోంది. ఇటలీలో ప్యాకింగ్ మీద పదార్థం కోడ్ ముద్రించాలి, ముడతల అట్టకు పీఏపీ 20 లాగా. ఫ్రాన్స్‌లో చెత్తను వేరు చేసి వేయమని చెప్పే ట్రిమాన్ గుర్తు వేయాలి. జర్మనీలో ఏ గుర్తూ అక్కర్లేదు, డ్యూయల్ సిస్టమ్‌కు డబ్బు కట్టామని చూపే ఒకప్పటి గ్రీన్ డాట్ గుర్తు కూడా 2009 నుంచి తప్పనిసరి కాదు. ఒకే పెట్టె, ఇన్ని తీర్లు.

నా బాధ ఇదే. వ్యాట్ విషయంలో ఇదే యూరప్ 2021 జులై 1న ఒకే కిటికీ తెరిచింది. జర్మనీలో కూర్చుని ఒక్క ఫారంలో అన్ని దేశాల వ్యాట్ చెప్పేస్తున్నాం. సరిహద్దు దాటిన అమ్మకాలన్నీ కలిపి ఏడాదికి 10,000 యూరోలు దాటకపోతే అదీ అక్కర్లేదు. డబ్బు లెక్కకు చేయగలిగింది అట్టపెట్టె లెక్కకు ఎందుకు చేయలేరు? నెదర్లాండ్స్ ఏడాదికి 50,000 కిలోల లోపు వాళ్లను ప్యాకేజింగ్ రుసుము నుంచి వదిలేసింది. యూనియన్ బయటికెళ్లిన బ్రిటన్ 25 టన్నులు, పది లక్షల పౌండ్ల టర్నోవరు దాటినవాళ్లనే అడుగుతోంది. చిన్నవాళ్లకు యూరప్ అంతటా ఒకే పరిమితి, ఒకే ఫారం పెడితే ఎవరూ ఎగ్గొట్టరు. ఇప్పుడు జరుగుతున్నది ఏమిటంటే, నిజాయితీగా చేసేవాళ్లు సరిహద్దు దాటడం మానుకుంటున్నారు, పట్టించుకోనివాళ్లు దూర దేశాల నుంచి నేరుగా పంపేస్తున్నారు.

కొత్తగా వచ్చిన 2025/40 యూరోపియన్ నియమావళి 2026 ఆగస్టు 12 నుంచి వర్తించేలా రాశారు. అందులోనూ రిజిస్ట్రేషన్ దేశానికొకటే. మనకు ముఖ్యమైనది ఇంకోటి ఉంది: 2030 నుంచి ఆన్‌లైన్ పార్శిల్‌లో ఖాళీ చోటు 50 శాతం దాటకూడదు, పైగా లోపల కుక్కిన కాగితం, బబుల్ ర్యాప్ కూడా ఖాళీ చోటు కిందే లెక్క. ఇత్తడి పంపేవాళ్లం పెట్టె సైజులు ఇప్పటి నుంచే చూసుకోవాలి.

కాబట్టి మీరు ముందు లూసిడ్, తర్వాత డ్యూయల్ సిస్టమ్, ఆ తర్వాత ఫ్రాన్స్, ఇదే వరసలో వెళ్లండి. ఆస్ట్రియా నుంచి నెలకు పది పదిహేను ఆర్డర్లయినా ఖాయంగా వస్తాయనుకుంటేనే ప్రతినిధి జోలికి పోండి, లేదంటే షిప్పింగ్ సెట్టింగుల్లో ఆ దేశం తీసేయండి. పాత అట్టపెట్టెల సంగతి: వాడండి, మంచిదే, కానీ ఆ పెట్టెకు ఇంతకుముందే ఎవరో కట్టారని కాగితంతో రుజువు చేయలేకపోతే జర్మనీలో దాన్నీ తూచి మీ లెక్కలోనే వేసుకోవాలి.