విక్టర్ గుండెలోనూ వాడి గుండెలోనూ ఒకే నరకం

మేరీ షెల్లీ రాసిన ఫ్రాంకెన్‌స్టైన్ నవలలో శాస్త్రవేత్త విక్టర్‌కీ, అతను ప్రాణం పోసిన ఆ వికృతాకారానికీ పోలికలేమిటని అడిగారు. ఎం.ఏ.లో ఈ నవల మాకు పాఠం. 'ఇద్దరూ ఒంటరివాళ్లు, ఇద్దరూ పగబట్టారు' అని పరీక్షలో రాశాను. తప్పు కాదు గానీ అసలు పోలిక నాకు దొరికింది చాలా ఏళ్ల తర్వాత, పెన్సిల్ పట్టుకుని నింపాదిగా మళ్లీ చదివినప్పుడు.

1831 కూర్పులో ఎనిమిదో అధ్యాయం చూడండి. విక్టర్ ప్రాణం పోసినవాడు చేసిన హత్యకి, విక్టర్ ఇంట్లో పనిచేసే జస్టిన్‌కి ఉరిశిక్ష పడుతుంది. లోపల నరకాన్ని మోస్తున్నానంటాడు విక్టర్. పదహారో అధ్యాయంలో, ఆశపెట్టుకున్న కుటుంబం వెళ్లగొట్టాక ఆ వికృతాకారుడూ అదే మాట అంటాడు. ఇంగ్లీషులో పదాలు కూడా అవే. పేజీలు వెనక్కి తిప్పి రెండు చోట్లా గీత గీస్తుంటే ఒళ్లు జలదరించింది.

ఆ నరకం ఇంగ్లీషు కవి మిల్టన్ 'పారడైజ్ లాస్ట్' కావ్యంలోని సాతానుది, స్వర్గం నుంచి పడిపోయిన దేవదూతది. ఆ కావ్యం చదివిన ఆ ప్రాణి, నేను నీకు ఆదాము కావలసినవాణ్ణి, పతనమైన దేవదూతనయ్యానంటాడు. చివర్లో ఉత్తర ధ్రువపు మంచులో, తన కథ విని రాసిపెట్టిన నావికుడు వాల్టన్ ఓడలో చావుకి దగ్గరైన విక్టర్ కూడా తనని ఆ దేవదూతతోనే పోల్చుకుంటాడు.

వాడి కథ మనకి చేరేది విక్టర్ నోటి మీదుగా కదా, ఈ పోలిక విక్టర్ కల్పించిందేమో అని నాకూ అనుమానం వచ్చింది. కానీ విక్టర్ చనిపోయాక వాడే స్వయంగా వాల్టన్ ముందుకొచ్చి మళ్లీ ఆ దేవదూత మాటే ఎత్తుతాడు. దాంతో నా అనుమానం తీరిపోయింది.

వాడికి పేరు లేదు. జనం వాణ్ణే ఫ్రాంకెన్‌స్టైన్ అంటుంటే చాలామంది దిద్దుతారు. నేను దిద్దను. అది విక్టర్ ఇంటిపేరు. తండ్రి ఇంటిపేరు బిడ్డకి రావడంలో తప్పేముంది?

అయితే ఇద్దరూ ఒకటేనంటే మాత్రం ఒప్పుకోను. విక్టర్‌కి తండ్రి ఉన్నాడు, పెళ్లాడబోయే ఎలిజబెత్ ఉంది, ప్రాణమిచ్చే స్నేహితుడు క్లెర్వల్ ఉన్నాడు. చదువుకోడానికి వెళ్లిన ఇంగోల్‌స్టాట్ ఊళ్లో ప్రయోగంలో పడి ఇంటికి ఉత్తరం ముక్క కూడా రాయకుండా ఒంటరితనాన్ని తానే తెచ్చుకున్నాడు. వాడికి ఆ అవకాశమే లేదు. తర్వాత తనని వెళ్లగొట్టిన ఆ కుటుంబం, డి లేసీ వాళ్ల ఇంటికి ఆనుకున్న కొట్టంలో దాక్కుని, గోడ సందులోంచి వాళ్లని చూస్తూ మాటలు నేర్చుకున్నాడు. రాత్రిళ్లు అడవికెళ్లి కట్టెలు కొట్టి, ఎవరూ చూడకుండా వాళ్ల గుమ్మం ముందు పెట్టేవాడు.